నేరేడు రంగు గీత

ఈ నర్సు ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కాఫీ తాగి కాసేపు కూర్చుని, "మీ కాలంలో పెద్ద పెద్ద జబ్బులు చూసి ఉంటారు కదమ్మా" అంటారు. చూశాను. ప్లేగు చూశాను, మశూచి చూశాను. కానీ నా కళ్లు తెరిపించిన జబ్బు ఏదని అడిగితే మాత్రం గజ్జి అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. మీ వయసులో నేనూ దురద అంటే నవ్విన దాన్నే.

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. బెంగళూరు పేటలో, పట్టు మగ్గాల సందులకు దగ్గరగా ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. అందులో నేను నర్సును. నా వయసు ఇరవై మూడు. మా వంశంలో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్లను కూడా నేనే. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని సందులో నడుస్తుంటే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. అలా తప్పుకోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది, అబద్ధం చెప్పడం ఎందుకు?

డాక్టరుగారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. సైన్యంలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. వయసులో ఉన్న డాక్టర్లను యుద్ధం పట్టుకుపోవడంతో ఆయనను మళ్లీ పిలిపించుకున్నారు. మిగతా రోజుల్లో చిన్నాచితకా జబ్బులన్నీ నేనూ కాంపౌండరూ చూసుకునేవాళ్లం. కాంపౌండరు నాకంటే పదిహేనేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి. ఆయన చెప్పిన మాటలు ఆ రోజుల్లో నేను సగమే వినేదాన్ని, ఆ సగం కూడా మరుక్షణం మరిచిపోయేదాన్ని.

సబ్బు దొరకని రోజులవి. ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకుని ఉండేవి. ఆసుపత్రికి వచ్చిన పదిమందిలో సగం మంది గోక్కుంటూనే వచ్చేవాళ్లు. దురద అనగానే నాకు ఒకటే పద్ధతి. కూర్చోబెట్టి, జుట్టు పాయలు తీసి, పేల దువ్వెనతో దువ్వడం. ఒళ్లో పరిచిన తెల్లగుడ్డ మీద పేను పడిందా, వెంట్రుకకు ఈపి అంటుకుని ఉందా, పని అయిపోయినట్టే. తలకు కిరోసిన్ పట్టించమనడం, బట్టలు ఉడకబెట్టమనడం, పంపించేయడం. నా లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. ఆ కాలంలో పేలు లేని తల ఎక్కడుంది గనుక?

ఒకరోజు రంగుల ఇంటి కోడలు వచ్చింది. రంగుల ఇల్లు అంటే మగ్గాల వాళ్లు ఇచ్చిన పట్టు లడీలకు, అంటే దారపు చుట్టలకు, రంగు వేసి ఇచ్చే ఇల్లు. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, ఆనేకల్ పక్కన పల్లె నుంచి ఈ ఇంటికి వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. వెంట అత్త ఉంది. భారీ మనిషి, నలభై ఏళ్లుగా రంగు గుండిగల దగ్గర నిలబడి గొంతు కూడా గట్టిపడిపోయింది. కోడలిని ముందుకు తోసి తను తలుపు దగ్గరే నిలబడింది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని.

"ఎన్నాళ్లాయె?" అన్నాను.

"ఉగాది ముందర నుంచి నర్సమ్మా."

"యాడ దురద?"

"చేతుల్లో. నడుము కాడ. పండుకొని దుప్పటి కప్పుకుంటే ఇంక తట్టుకోలేను."

చేతుల్లో అని ఆమె తన నోటితో చెప్పింది. నేను ఆమె తల పట్టుకున్నాను. నల్లగా, ఒత్తుగా, నడుము దాటి దిగే జుట్టు. రెండోసారి దువ్వగానే మూడు పేలు పడ్డాయి. చెవుల వెనక ఈపులు కనబడ్డాయి. నాకు అంతకంటే ఏం కావాలి?

చేతులు చూడలేదని కాదు. మణికట్టు దాకా నేరేడు పండు రంగు. ఆ వారం వాళ్లు వేస్తున్న రంగు అది. వేళ్ల సందుల్లో ఆ రంగు సన్నని గీతలుగా నిలిచి ఉంది.

"ఇంత మురికి చేతులు పెట్టుకొని దురద అంటే ఎట్ల?" అన్నాను.

"మురికి కాదు నర్సమ్మా, రంగు. ఎంత కడిగినా పోదు."

నాకు ఎదురు చెప్పిందని కోపం వచ్చింది. అత్త వైపు తిరిగి, ఇంత జుట్టులో కిరోసిన్ పట్టదు, జుట్టు తీసేయండి అన్నాను.

ఆమె అదిరిపడింది. "మొగుడుండే ఆడదాని జుట్టు తీస్తారా నర్సమ్మా?"

"తిరుపతిలో తీయించుకోరా?"

"అది దేవునికి ఇచ్చేది."

"ఇది ఆరోగ్యానికి ఇచ్చేది అనుకోండి" అన్నాను. ఆ మాట నాకే ఎంత బాగా నచ్చిందంటే, వాళ్లు వెళ్లాక కాంపౌండరుకు మళ్లీ చెప్పి వినిపించాను. ఆయన నవ్వలేదు.

తరువాత జరిగింది నాకు ఇతరుల నోట తెలిసింది. మంగలిని పిలిపించారట. ఆ అమ్మాయి మెడలో తాళి చూసి, ఈ పాపం నాకొద్దని అతను పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడట. అప్పుడు అత్తే, పట్టు దారాలు కత్తిరించే కత్తెర తీసుకుని, కోడలిని పెరట్లో కూర్చోబెట్టి, అంగుళం మిగిల్చి కత్తిరించేసిందట. ఆ అమ్మాయి ఏడ్వలేదని, కత్తెర చప్పుడు ఆగేదాకా కదలకుండా కూర్చుందని పక్కింటావిడ చెప్పింది.

రెండు వారాలకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, తల నిండా కొంగు కప్పుకుని. నేను కొంగు తీసి, ఆ కురచ జుట్టంతా దువ్వి చూశాను. ఒక్క పేను లేదు, ఒక్క ఈపి లేదు. నాకు ఎంత సంతోషమో!

"పేలు పోయినాయి చూడు" అన్నాను.

"దురద పోలేదు నర్సమ్మా. ఇంకా ఎక్కువైంది."

"కొన్నాళ్లు ఉంటాది. దాన్నే తలుచుకుంటా కూర్చుంటే ఎట్ల పోతాది?"

ఆమె వెళ్లాక కాంపౌండరు సీసాలు తుడుస్తూ, తల ఎత్తకుండానే, "సిస్టరమ్మా, ఆ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండాదేమో అడగకూడదా?" అన్నాడు.

"మీరు సీసాలు చూసుకోండి" అన్నాను. పాపం, చూసుకున్నాడు.

ఈలోగా సందులో గుసగుసలు మొదలయ్యాయి. రంగుల ఇంటి కోడలికి జుట్టు తీయించారట, అయినా తగ్గలేదట, చేతుల మీద ఏదో పుట్టిందట. దురద అన్న మాట పోయి పెద్దరోగం అన్న మాట వచ్చింది. ఆ సందులో కుష్టును అలాగే అనేవారు, పేరు పెట్టి పలికేవారు కాదు. రంగుల ఇల్లు బతికేది ఊళ్లోవాళ్ల పట్టును చేత్తో ముట్టుకుని. ఆ చేతుల్లో ఏదో ఉందన్న మాట ఒక్కసారి గట్టిపడితే వాళ్లకు లడీ ఇచ్చేవాడు ఉండడు. అందుకని అత్త ఒక నిర్ణయానికి వచ్చింది.

అది డాక్టరుగారు వచ్చే రోజు. పొద్దు బాగా ఎక్కాక అత్తా కోడళ్లు వచ్చారు. కోడలి చంకలో బట్టల మూట ఉంది. అత్త వరుసను పట్టించుకోకుండా నేరుగా డాక్టరుగారి బల్ల దగ్గరికి వెళ్లింది.

"మధ్యాహ్నం ఆనేకల్ బస్సుకు ఈ పిల్లను వాళ్ల ఇంటికి పంపిస్తా ఉండాను డాక్టరయ్యా. పోయే ముందర మీరు ఒక్క మాట చెప్పాల. ఇది పెద్దరోగమా, కాదా?"

"పెద్దరోగమైతే?"

"ఆడనే ఉంటాది."

"కాకుంటే?"

ఆమె కొంగును చేతుల చుట్టూ ఇంకా బిగించుకుంది. ఆ పేరుతో పంపిన కోడలిని ఏ ఇల్లూ మళ్లీ పిలుచుకోదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి అందరికంటే బాగా తెలుసు. మూటను రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది.

ఏం జబ్బని డాక్టరుగారు నన్ను అడిగారు. తల నిండా పేలు ఉండేవని, జుట్టు తీయించి నయం చేశామని గబగబా చెప్పాను.

"దురద?"

"ఉంది సార్."

"అయితే ఏం నయం చేసినావు?"

నా ముఖం మాడిపోయింది. ఆయన ఆ అమ్మాయిని మూట కింద పెట్టమని, చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. తల వైపు కన్నెత్తి చూడలేదు. వేళ్లు విడదీసి ఒక్కొక్క సందూ చూశారు. మణికట్టు తిప్పి చూశారు. భూతద్దం తెచ్చుకుని మళ్లీ మొదటి నుంచి చూశారు. తరువాత నన్ను పిలిచి, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య చూపించారు.

"ఈ గీత నువ్వు చూసినావా అమ్మా?"

"రంగు సార్ అది."

"రంగే. మరి ఈ రంగు ఎందుకిట్ల వంకర్లు తిరుగుతా ఉండాది? చర్మం ముడతలు తిన్నగా పోతాయి కదా."

స్పిరిట్ దూదితో తుడిచారు. చుట్టూ ఉన్న రంగు కాస్త వెలిసింది. గీత మాత్రం అలాగే ఉంది, బియ్యపుగింజ పొడవున, మెలికలు తిరుగుతూ. తుడిచేకొద్దీ ఇంకా స్పష్టంగా కనబడింది.

"సైన్యంలో మేము గజ్జిని కనిపెట్టాలంటే చర్మం మీద సిరా పూసి తుడిచేవాళ్లం. పైన ఉండే సిరా పోతాది, పురుగు తవ్విన సొరంగంలోకి దిగింది పోదు. ఈ పిల్ల తనే రంగు పూసుకొని, మనకు చూపించడానికి వచ్చింది. మనమే చూడలేదు."

మనమే అన్నారాయన. నువ్వు అనలేదు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది.

సూదిని మంటలో కాల్చి, చల్లార్చి, ఆ గీత ఆగిపోయిన చోట కొనతో నెమ్మదిగా ఎత్తారు. ఆ అమ్మాయికి నొప్పి కూడా తెలియలేదు. సూదిమొన మీద ఒక తెల్లని చుక్క. ఆవగింజను ఎన్ని ముక్కలు చేస్తే అంత అవుతుందో! ఉందా లేదా అన్నట్టుంది. గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పి, నన్ను చూడమన్నారు.

అమ్మాయిలూ, ఇన్నేళ్లు గడిచినా ఆ క్షణం తలుచుకుంటే నా ఒళ్లు ఇప్పటికీ జలదరిస్తుంది. వెలుగు నిండిన గుండ్రని మైదానంలో ఒక ప్రాణి ఉంది. తాబేలు డిప్పలాంటి ఒళ్లు, దాని మీద సన్నని గీతలు, ముళ్లు. ముందు నాలుగు పొట్టి కాళ్లు, వెనక నాలుగు, వెనక కాళ్లకు పొడవాటి వెంట్రుకలు. కాళ్లు ఆడిస్తోంది. కంటికి చుక్కగా కూడా సరిగా కనిపించనిదానికి కాళ్లున్నాయి! ఆ కాళ్లతో అది మనిషి చర్మం తవ్వుకుంటూ పోయింది. పోతూ పోతూ వెనకాల గుడ్లు పెట్టుకుంటూ పోయింది. ఒక ఆడపిల్ల కాపురాన్ని బస్సు ఎక్కించబోయింది. నేను అద్దం మీద నుంచి కన్ను తీయలేదు. భయమో, అబ్బురమో చెప్పలేను, రెండూ ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ చూశాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ప్రాణంతో ఉన్నదాన్ని చూడడం అదే మొదటిసారి.

డాక్టరుగారు అంతటితో ఆగలేదు. వరుస వైపు తిరిగి, "ఎవరన్నా ఒక పేను ఇస్తారా అమ్మా?" అని అడిగారు. ఒక ముసలావిడ, ఇదెంత భాగ్యమన్నట్టు ముడి విప్పి తల వంచింది. కాంపౌండరు దువ్వెన ఒక్కసారి పెట్టాడో లేదో పేను దొరికింది. దాన్నీ చూశాను. పొడవాటి ఒళ్లు, ఆరే కాళ్లు, ఒక్కో కాలి చివర వెంట్రుకను పట్టుకునే కొక్కెం. పేను బయట ఉంటుంది. వెంట్రుకనో బట్ట కుట్టునో పట్టుకుని ఉండి, ఆకలైనప్పుడు నెత్తురు తాగుతుంది. వెతికితే దొరుకుతుంది. ఇది అలా కాదు, చర్మం లోపలే ఇల్లు కట్టుకుంటుంది. ఒకే మనిషి ఒంటి మీద రెండూ ఉండవచ్చు. మొదటిది దొరికిందని రెండోదాన్ని వెతకడం మానేశాను నేను.

"నన్నూ చూడనీ" అంది అత్త.

స్టూలు మీద కూర్చోబెట్టి ఏ కన్ను పెట్టాలో చూపించాను. కాసేపు ఏమీ కనబడలేదంది. తరువాత ఒక్కసారిగా వెనక్కి జరిగింది. "కదలతా ఉండాది! అయ్యో దేవుడా, కదలతా ఉండాది!" మళ్లీ తనే వంగి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

లేచి నిలబడ్డాక ఆమె గొంతు తగ్గిపోయింది. "దీన్ని ఈ పిల్ల పుట్టింటి నుంచి తెచ్చిందా డాక్టరయ్యా?"

"దీనికి పుట్టిల్లు, మెట్టినిల్లు లేవమ్మా. చెయ్యి చెయ్యి పట్టుకొని పనిచేస్తే వస్తాది, ఒక దుప్పట్లో పండుకుంటే వస్తాది. పెద్దరోగం కాదు. మందు పూస్తే పోతాది. మీ ఇంట్లో ఇంకెవరికి దురద ఉండాది?"

"ఎవురికీ లేదు."

"సరే. అయినా ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోవాల. ఒక్కరు దాచినా మళ్లీ అందరికీ వస్తాది. ఈ పిల్లను పంపించినా సరే, మీ ఇంట్లో దురద పోదు."

ఆయన మందు చీటీ రాయడం మొదలుపెట్టారు. అత్త కొంగులో చేతులు చుట్టుకుని నిలబడింది. కొంగు లోపల చేతులు కదులుతున్నాయి. ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. ఆమె మొదటిసారి వచ్చినప్పుడూ ఆ కొంగు అలాగే కదిలింది, నేనే పట్టించుకోలేదు. అప్పుడు ఆమె కుడిచెయ్యి బయటికి తీసి బల్ల మీద, ఆయన కాగితం పక్కన పెట్టింది.

వేళ్ల సందుల్లో ఒక గీత కాదు, లెక్కలేనన్ని. కొన్ని గోకి గోకి పుండ్లు పడ్డాయి.

"ఎన్నాళ్లాయె?" అన్నారు డాక్టరుగారు మెల్లగా.

"పోయిన వానాకాలం నుంచి."

పోయిన వానాకాలానికి ఆ ఇంట్లో కోడలు లేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఈ చేతులకు పట్టు ఎవరిస్తారయ్యా? ఉప్పునీళ్లలో పెట్టుకుంటా ఉంటిని. పోతాదిలే అనుకుంటిని."

కోడలు ఆ చేతిని చూసింది. అత్త ముఖం చూసింది. తరువాత మెడ తిప్పి నన్ను చూసింది. కొంగు జారి భుజం మీద పడింది, సర్దుకోలేదు. కత్తెర గాట్లతో ఎగుడు దిగుడుగా ఉన్న ఆ తల అందరికీ కనబడింది.

"మరి నా జుట్టు ఎందుకు తీయించినావు నర్సమ్మా?"

గట్టిగా కూడా అడగలేదు. కానీ వరుసలో చివరున్నవాళ్లకు కూడా వినబడింది. నాకు జవాబులు లేకపోలేదు. పేలు నిజంగానే ఉన్నాయనవచ్చు. కత్తెర పట్టింది మీ అత్తే అనవచ్చు. కానీ ఆ పేలకు దువ్వెనా కిరోసినూ ఓపికా చాలు, జుట్టు తీయనక్కర్లేదు. అది నాకు ఆ రోజే తెలుసు. ఓపిక లేక చెప్పాను, అధికారం చూపించుకోవడానికి చెప్పాను.

"తప్పు చేసినానమ్మా" అన్నాను. "నువ్వు చేతులని చెప్పినా నేను వినలేదు."

తెల్లచీర కట్టుకున్నాక రోగితో ఆ మాట అనడం అదే మొదలు. డాక్టరుగారు మైక్రోస్కోపులోకి వంగి ఏదో చూస్తున్నట్టు ఉండిపోయారు. కాంపౌండరు గంధకం మలాము డబ్బా నింపుతున్నాడు. మామూలుగా ఇచ్చేదానికి రెండింతలు నింపాడు.

కింద పెట్టిన మూటను అత్తే ఎత్తుకుంది. "నడువు, ఇంటికి పోదాం" అంది. కోడలు కదలడానికి కొంచెంసేపు పట్టింది. ఇద్దరూ వెళ్లారు, బస్సు వైపు కాదు.

మూడు రోజులు నేనే ఆ ఇంటికి వెళ్లాను. మెడ నుంచి అరికాలి దాకా, ఒక్క వేలిసందు వదలకుండా ఇంటిల్లిపాదికీ మలాము పూయించాను. రంగు గుండిగలు కడిగి వాటిలోనే బట్టలు, దుప్పట్లు ఉడకబెట్టారు. నాలుగో రోజు తలంట్లు. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందని, మందు పనిచేయలేదని హడలిపోవద్దని మరీ మరీ చెప్పాను. ఇంటి మగవాళ్లకు కాంపౌండరు పూశాడు. ఈసారి ఆయన చెప్పిన ప్రతి మాటా విన్నాను. అత్త వీపుకు పూసింది మాత్రం కోడలే. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. "ఇంకొంచెం పైన" అని ఒకరోజు అత్త అనగా విన్నాను, అంతే.

నెలన్నర గడిచింది. డాక్టరుగారు రాని రోజు ఒకటి. పొద్దున్నే గుమ్మంలో ఆడవాళ్ల గలాటా వినబడి తల ఎత్తాను. రంగుల ఇంటి కోడలు. జుట్టు చెవుల దాకా పెరిగింది, నెత్తిన కొంగు లేదు, వీధంతా అలాగే నడిచి వచ్చింది. వెనకాల ఆ సందు ఆడవాళ్లు నలుగురు. అందరూ చేతులు కొంగుల్లో దాచుకునే ఉన్నారు. ఒకావిడ వెనక్కి తిరిగి పోబోతే ఈమె రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"వీళ్లకూ ఉండాది నర్సమ్మా. దాచి పెట్టుకొని ఉండారు. నేను నా చేతులు చూపించి పిలుచుకొని వస్తిని."

మొదటి ఆవిడను కూర్చోబెట్టాను. ఏం చెప్పమంటారు, పాడు అలవాటు, నా చెయ్యి దానంతట అదే ఆమె జుట్టు ముడి మీదికి పోయింది. రంగుల ఇంటి కోడలు నా మణికట్టు పట్టుకుంది. కోపంగా కాదు. నా చేతిని కిందికి దించి, ఆవిడ చేతిని కొంగులో నుంచి తీసి, నా అరచేతిలో పెట్టింది. నేను దాన్ని కిటికీ వెలుగుకు తిప్పి చూస్తుంటే, ఆమె నా భుజం మీదుగా వంగి వేలు చూపించింది.

"ఇదో, ఈడ ఉండాది" అంది. నాకంటే ముందే చూసింది.